ఆంధ్ర పితామహుడు మాడపాటి - మా ఊరి గ్రంథాలయం తాళం

ఈ ఏటి సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక నేను ఏ సి.వి. రామన్ గురించో రాస్తానని అందరూ అనుకున్నారు. చెప్పొద్దూ, నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ ఒక ఇంటిపన్ను రసీదు నా ఆలోచనను మరో దిక్కు మళ్ళించింది. ఆ రసీదు కథ ముందు చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను. పాఠక మిత్రులు విసుక్కోవద్దు.

మాది కరీంనగర్ దిక్కున ఒక పల్లె. మూడెకరాల వరి, ఎకరం పత్తి, రెండు బర్రెలు. ఇదే మా సంసారం. పోయిన ఏడు మార్చి నెలలో బాపు, నేను ఇంటిపన్ను కట్టడానికి గ్రామ పంచాయతీకి పోయాం. బాపు నాలుగో తరగతి దాకానే చదివినా, కాగితం చేతికి వస్తే అక్షరం విడవకుండా చదివే అలవాటు ఉంది. విత్తనాల సంచి మీది రాత కూడా పూర్తిగా చదివిన తర్వాతే సంచి విప్పుతాడు. ఆ రసీదును కూడా అట్లాగే చదివి, ఒకచోట వేలుపెట్టి ఆగాడు. అక్కడ గ్రంథాలయ పన్ను అని ఉంది. ఇదేమి పన్ను, ఎవరికి పోతుంది, మనకేం వస్తుంది అని నన్ను అడిగాడు. డిగ్రీ చదువుతున్న కొడుకును, నాకు తెలియదు. మా ఊళ్ళో గ్రంథాలయం అని పేరు రాసిన ఒక గది ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దానికి తాళమే చూశాను. వానాకాలం వస్తే దాని అరుగు మీద మేకలు పడుకుంటాయి.

బాపు ఇంకేమీ అనలేదు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మౌనం నన్ను గుచ్చింది. కరీంనగర్ వచ్చిన తర్వాత జిల్లా గ్రంథాలయంలో కూర్చుని గ్రంథాలయ చట్టం గురించి, దాని వెనుక చరిత్ర గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలోనే నాకు మాడపాటి హనుమంతరావు గారు దొరికారు.

హనుమంతరావు గారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో పుట్టారు. చదువు మాత్రం నిజాం రాజ్యంలో, సూర్యాపేటలో, హనుమకొండలో సాగింది. హనుమకొండలోనే చిన్న సర్కారు ఉద్యోగంలో చేరారు. తర్వాత హైదరాబాదు పోయి కొంతకాలం సర్కారులో అనువాదకుడిగా పనిచేశారు. అటుపైన వకీలు పరీక్ష గెలిచి, 1917 ప్రాంతం నుంచి వకాలతు చేశారు. ఉర్దూ, ఫారసీ బాగా వచ్చినవారు. తెలుగులో కథలు రాశారు, ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేశారు. మల్లికాగుచ్ఛము అనే కథల పుస్తకం ఆయనదే. అంటే ఆయనకు సర్కారు భాష రాక తెలుగు కోసం కొట్లాడలేదు. ఆ భాషలో పండితుడై ఉండి, రాని వాళ్ళ పక్షాన నిలబడ్డారు. ఇది గమనించవలసిన సంగతి.

ఆనాటి స్థితి మన తరానికి ఊహకు అందదు. నిజాం రాజ్యంలో అన్ని భాషలవారిలోకి తెలుగు మాట్లాడేవారే ఎక్కువ. కానీ కచేరీ భాష ఉర్దూ, కోర్టు భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. రైతు తన పొలం కాగితం తానే చదువుకోలేడు. పట్వారీ ఏం చెబితే అది వేదం. మా తాత తరంవాళ్ళు ఇప్పటికీ భూమి కాగితాల్లో వాడే పహాణి, ఫైసలా, దస్తూరు అనే మాటలు ఆనాటివే. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసినవాని చేను ఏమవుతుందో రైతు కుటుంబంలో పుట్టిన నాకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఈ చీకట్లో మొదటి దీపాలు గ్రంథాలయాలే. హైదరాబాదులో 1891లో సర్కారు వారి ఆసఫియా గ్రంథాలయం వచ్చింది. అందులో పేరుపొందినవి అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలు. తెలుగువారు తమ పుస్తకాల కోసం సర్కారు దిక్కు చూడలేదు. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలైనవారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. రంగారావు గారి ఇంట్లోనే అది మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. బరోడా మహారాజు సయాజీరావు తన సంస్థానంలో 1910లో గ్రంథాలయాల ఏర్పాటు మొదలుపెట్టారని, బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. అవి గొప్పవే. కానీ రాజు ఆదరణ లేనిచోట, రాజభాష వేరైనచోట, అంతకు ముందే మనవాళ్ళు ఆ పనికి పూనుకున్నారు.

హనుమంతరావు గారు హనుమకొండలో ఉద్యోగం చేసిన కాలం, అక్కడి భాషా నిలయం తొలి రోజులు ఒక్కటే. హైదరాబాదు వచ్చిన తర్వాత శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కార్యదర్శిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. కార్యదర్శి పని అంటే పైకి కనిపించే పని కాదు. సభ్యుల చందా వసూలు చేయాలి. దాతల దగ్గరికి పోయి అడగాలి. వచ్చిన ప్రతి రూపాయికి లెక్క రాయాలి. ఏ పుస్తకం కొనాలో, ఏ పత్రిక తెప్పించాలో కార్యవర్గంలో కూర్చుని నిర్ణయించాలి. ఏడాదికోసారి సభ్యుల ముందు నిలబడి జమాఖర్చు చదవాలి. మా ఊళ్ళో బాయి పూడిక తీయడానికి నలుగురు రైతులు చందా వేసుకుంటేనే లెక్క కాడ తగువు వస్తుంది. ఒక పట్టణంలో ఒక సంస్థను ఏళ్ళకు ఏళ్ళు తగువు లేకుండా నడపడం ఎంత కష్టమో ఆలోచించండి. రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరకం అని చదువుకుంటాం. చర్యను నడిపిస్తుంది, సమీకరణంలో మాత్రం తనకు చోటు ఉండదు. మంచి కార్యదర్శి కూడా అట్లాంటివాడే.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ జరిగింది. పుణె నుంచి వచ్చిన మహర్షి కార్వే గారు అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడటానికి లేచేసరికి గోల చేసి, ఎగతాళి చేసి ఆయనను కూర్చోబెట్టారు. ఆ అవమానం భరించలేని కొద్దిమంది తెలుగువారు ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. కొండా వెంకట రంగారెడ్డి గారు అధ్యక్షులు, మాడపాటి హనుమంతరావు గారు కార్యదర్శి. మళ్ళీ కార్యదర్శి పనే!

ఇక్కడ ఒక మాట. ఆంధ్ర అన్న పేరు ఈనాటి మన తెలంగాణ విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఆ కాలంలో ఆ మాటకు తెలుగు అనే అర్థం. తెలంగీ అని చులకనగా పిలిపించుకున్నవారు తల ఎత్తుకోవడానికి ఆ పేరు పెట్టుకున్నారు. ఆయనను ఆంధ్ర పితామహుడని పిలిచినవారు కూడా తెలంగాణవారే. పేరును ఈనాటి కొలతతో కొలవక, వారు చేసిన పనిని చూడాలి.

ఏమిటా పని? ఊరూరా గ్రంథాలయాలు, పఠనాలయాలు పెట్టించడం. పాఠశాలలు పెట్టించడం. తాళపత్రాలు, శాసనాలు సేకరించడం. 1923లో కొమర్రాజు వారు చనిపోయాక ఆయన పేరనే లక్ష్మణరాయ పరిశోధక మండలి ఏర్పడింది. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ సభలు జరిగాయి. వీటితో పాటు జనసంఘం చిన్న చిన్న కరపుస్తకాలు అచ్చువేసి పంచింది. హనుమంతరావు గారు వెట్టిచాకిరి గురించి, వర్తకుల హక్కుల గురించి ఫర్మానాలలో, చట్టంలో ఏముందో వెతికి తెలుగులో రాశారు. వెట్టి చేయనక్కరలేదని సర్కారు కాగితాల్లోనే ఉన్న సంగతి, వెట్టి చేసేవానికి అంతవరకు తెలియదు. తెలియజేయడానికి ఒక గది, ఒక పుస్తకం, చదివి వినిపించే ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ గదే గ్రంథాలయం. అందుకే పఠనాలయం అంటే పటేళ్ళకూ అధికారులకూ అనుమానం. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. హనుమంతరావు గారు దరఖాస్తులు రాసి, అధికారులను కలిసి, ఓపికతో ఆ అనుమతులు సాధించేవారు.

ఆయన ఓపికకు నిలువెత్తు సాక్ష్యం నారాయణగూడలోని బాలికల పాఠశాల. 1928లో తెలుగు మాధ్యమంలో దానిని స్థాపించారు. తెలుగులో చదివిన పిల్లలను పరీక్షకు కూర్చోబెట్టడానికి ఇక్కడ దారి లేకపోతే, పుణె కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పంపారు. ఏ కార్వే గారి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగుకు అవమానం జరిగిందో, ఆ కార్వే గారి విద్యాలయమే తెలుగు ఆడపిల్లలకు ఆసరా అయింది.

ఇప్పుడు మన జిల్లా సంగతి. జనసంఘాల కృషి పెరిగి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ అయింది. మొదటి సభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. నాలుగో సభ 1935లో మన సిరిసిల్లలో! అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు గారు. అక్కడే జరిగిన మహిళా సభకు ఆయన భార్య మాణిక్యాంబ గారు అధ్యక్షులు. నేత కార్మికుల ఊరు అని, మరమగ్గాల ఊరు అని సిరిసిల్లను ఎరుగుదుము గానీ, ఈ సంగతి మా క్లాసులో నలభై మందిని అడిగితే ఒక్కరికీ తెలియదు. నాకూ అంతకు నెల ముందు దాకా తెలియదు.

ఆయనను ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. ఆయనది మితవాద మార్గం. విన్నపాలు, తీర్మానాలు, దరఖాస్తులు. దొరల గడీల కింద నలిగిన రైతుకు తీర్మానంతో కడుపు నిండుతుందా అని ఆ తర్వాతి యువకులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. 1940లో జోడేఘాట్ అడవుల్లో కుమ్రం భీం ప్రాణాలిచ్చారు. 1944 భువనగిరి సభ నాటికి ఆంధ్ర మహాసభ రెండుగా చీలింది. హనుమంతరావు గారు మితవాదుల వైపే ఉండిపోయారు. కానీ ఒక సంగతి మరువరాదు. తర్వాత పోరాటంలోకి దూకిన యువకుల్లో ఎందరో మొదట చదవడం నేర్చింది, నలుగురిలో మాట్లాడటం నేర్చింది ఇట్లాంటి గ్రంథాలయాల్లోనే. విత్తనం వేసినవాడు పంటను తన ఇష్టప్రకారం పెరగమనలేడు. దుక్కి దున్ని తడి పెట్టడమే వాని చేతిలో పని.

1948 పోలీసు చర్య తర్వాత కాలం మారింది. 1951లో హనుమంతరావు గారు హైదరాబాదు నగరానికి మేయరయ్యారు. 1955లో పద్మభూషణ్ వచ్చింది. 1958 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులుగా ఉన్నారు. తాను నడచిన దారినంతా తెలంగాణా ఆంధ్రోద్యమము అనే గ్రంథంలో రాసిపెట్టారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు.

ఇక మా బాపు ప్రశ్నకు జవాబు. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో ప్రజా గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం ఉండేది. రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం చేశారు. అప్పుడు శాసనమండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది హనుమంతరావు గారే. ఇంటింటికీ చందా అడిగి గ్రంథాలయం నడిపిన మనిషి, ఆ చందాను చట్టంగా మార్చిన సభలో పెద్దగా కూర్చున్నారన్నమాట. ఈ సంగతి నాకు తట్టినప్పుడు ఒళ్ళు పులకరించింది.

ఆ చట్టం ప్రకారం జిల్లాకు ఒక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పడుతుంది. మొదట్లో ఇంతకన్నా తక్కువ ఉండేది. ఇంటిపన్ను 400 రూపాయలైతే, గ్రంథాలయానికి 32 రూపాయలు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ దానిని వసూలు చేసి సంస్థకు జమ కట్టాలి. సంస్థకు సర్కారు నియమించిన చైర్మన్, సభ్యులు ఉంటారు. వారు ఏటా బడ్జెట్ తయారు చేసి పై అధికారుల ఆమోదానికి పంపాలి. ఏ ఊళ్ళో శాఖ తెరవాలి, ఏ పుస్తకాలు కొనాలి, ఏ పత్రికలు తెప్పించాలి అనేవి చూడాలి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరిపి పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెట్టాలి. 2016లో జిల్లాలు విడిపోయిన తర్వాత పాత కరీంనగర్, ఆదిలాబాదులలో ఉన్న ఊళ్ళు ఎన్నో కొత్త జిల్లాల కిందికి పోయాయి.

పాత భాషా నిలయానికీ ఈ సంస్థకూ పోల్చి చూశాను. ఆనాడు చందా ఇచ్చినవాడు వార్షిక సభలో లేచి లెక్క అడిగేవాడు. ఈనాడు చందా ఇస్తున్నామన్న సంగతే మనకు తెలియదు. తెలియనివాడు అడగడు. అడగనిచోట తాళం పడుతుంది. తప్పు ఒక్క సర్కారుదే అంటే నేను ఒప్పుకోను. బాపు వేలుపెట్టి చూపించేదాకా నేను ఆ రసీదు చదవలేదు గదా!

ఈ సంగతి హాస్టల్లో చెబుతుంటే, ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన గోండు మిత్రుడు ఒక ప్రశ్న వేశాడు. మీ తెలుగు కోసం మీ పెద్దలు కొట్లాడారు సరే, మా ఊరి గ్రంథాలయంలో మా భాష పుస్తకం ఒక్కటైనా ఉందా అని. నేను నోరు మెదపలేకపోయాను. జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారు పిలిపించిన హైమెండార్ఫ్ గారు 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించారు. గోండీ వాచకాలు కూడా వచ్చాయి. గుంజాల గ్రామంలో గోండీ లిపిలో చేతిరాత ప్రతులే బయటపడ్డాయి. అయినా ఆ పిల్లవాడి ప్రశ్న నిలిచే ఉంది. 1921లో తెలుగువాడు పడిన బాధ ఏమిటో తెలిసినవాళ్ళం, ఈ ప్రశ్నను వినకుండా పోలేము. హనుమంతరావు గారిని గౌరవించడం అంటే తెలుగును మాత్రమే గౌరవించడం కాదని నాకు ఆ రాత్రి తెలిసింది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. వెట్టి పుస్తకం సంగతి చెబుతుంటే ఆయన చేతిలోని బీడీ ఆరిపోయినా చూసుకోలేదు. బాపు తాత గడీలో వెట్టి చేసినవాడట. ఆ మాట మా ఇంట్లో అంతకు ముందు ఎన్నడూ ఎవరూ అనలేదు.

తర్వాత జరిగిన గ్రామసభలో బాపు లేచి, రసీదు చూపించి, గ్రంథాలయం గది సంగతి అడిగాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. గొంతు వణికింది. కొందరు నవ్వారు. మోటారు కరెంటు సంగతి ఉండగా పుస్తకాల గోల ఏమిటి అన్నారు. కానీ ఇద్దరు ముసలివాళ్ళు, డ్వాక్రా సంఘం అక్కలు బాపు పక్షాన మాట్లాడారు. వారం తర్వాత తాళంచెవి మా చేతికి వచ్చింది. లోపల సగం పుస్తకాలు చెదలు తిన్నాయి. మిగిలినవాటిని ఎండబెట్టి, దులిపి, నోటుబుక్కులో వరుస నంబర్లు వేశాం. ఊళ్ళో డిగ్రీ పిల్లలం అయిదుగురం తలా కొంత వేసుకుని రెండు దినపత్రికలు తెప్పిస్తున్నాం. వంతులవారీగా ఆదివారం గది తెరుస్తున్నాం. ఇది గొప్ప అని చెప్పడం లేదు. జీతం ఇచ్చే గ్రంథపాలకుడు లేడు. మా పరీక్షలప్పుడు మళ్ళీ తాళమే. మేము కట్టిన పన్ను మాకు పుస్తకమై వచ్చేదాకా అర్జీలు పెడుతూనే ఉండాలి. అర్జీ పెట్టడంలో విసుగు చెందని మనిషి జీవితం చదివాను గనుక నాకు ఆ ఓపిక వస్తుందనే అనుకుంటున్నాను.

మిత్రులారా, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఇంటిపన్ను రసీదు ఒకసారి విప్పి చూడండి. మీ ఊరి గ్రంథాలయం గది తలుపు ఒకసారి తట్టి చూడండి. తెరిచి ఉంటే లోపలికి పోయి కూర్చోండి. తాళం ఉంటే చెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. పోయిన ఆదివారం నా వంతు. నేను వెళ్ళేసరికి అరుగు మీద మేకలు లేవు. బాపు కూర్చుని ఉన్నాడు. తలుపు తీసేదాకా ఎదురుచూస్తున్నాడు.